బండికి రెండు గాజులు

మా బండి ఎప్పుడూ ముక్కు కిందికి వేసుకొని నిలబడేది. వెనుక భాగం పైకి లేచి, ముందు భాగం నేల వైపు వంగి, ఎవరో తిడితే తల దించుకున్నట్టు ఉండేది. కొన్న కొత్తలో నేను ఆ మాటే పైకి అన్నాను. మా ఆయనకు కోపం వచ్చింది. నన్ను ఎవరేమన్నా ఊరుకుంటాడు కానీ బండిని అంటే ఊరుకోడు. ఆ రోజు సాయంత్రం దాకా నాతో మాట్లాడలేదు, బండిని మాత్రం మళ్లీ ఒకసారి కడిగాడు.

అది పాత పికప్. మాకంటే ముందు దాన్ని నడిపినవాడు ఇసుక, కంకర కొట్టేవాడట. బరువు ఆగాలని వెనుక చక్రాల మీద కమాన్ పట్టీలు అదనంగా వేయించాడు. విల్లులా వంగిన ఆ ఇనుప పట్టీల మీదే బండి బరువంతా కూర్చుంటుంది. పట్టీలు పెరిగేసరికి వెనుక భాగం పైకి లేచింది. ముందు ఎవరూ ఏమీ వేయలేదు కనుక అది ఉన్నచోటే ఉండిపోయింది. నిండా ఇసుక పోస్తే ఆ బండి సమంగా నడిచేదేమో. మేము ఇసుక కొట్టేవాళ్లం కాదు. టెంట్ హౌస్ సామాను మోసేవాళ్లం. కుర్చీలు, షామియానా గుడ్డలు, ఇనుప పైపులు, వంట గిన్నెలు. మెదక్ నుంచి శంకరంపేటకో, చుట్టుపక్కల ఊళ్లకో పెళ్లిళ్లకు, దావత్‌లకు దించి రావడం, అయిపోయాక పోయి తెచ్చుకోవడం. ఆ బరువుకు వెనుక పట్టీలు కొంచెం దిగేవే కానీ ముక్కు పైకి లేచేంత కాదు.

మా ఆయన అసలు మేస్త్రీ. మెదక్‌లో ఆయన చెయ్యి పడని వీధి లేదు. బజారుకు పోతుంటే "ఈ స్లాబు నాదే", "గా మెట్లు నావే" అని చూపిస్తుంటాడు. ఇంటివాళ్లు వింటే ఏమనుకుంటారో అని నేను చెయ్యి గిల్లేదాన్ని. కొన్నేళ్ల కిందట ఒక గోడకు ప్లాస్టరింగ్ చేస్తుంటే కాళ్ల కింద కట్టిన కర్ర విరిగి పడ్డాడు. కుడి తుంటి ఎముక విరిగింది. హైదరాబాద్ దవాఖానలో లోపల రాడ్డు వేశారు. నడక వచ్చింది కానీ గొంతుకూర్చోవడం, నిచ్చెన ఎక్కడం పోయాయి. ఆ రెండూ లేకుండా మేస్త్రీ పని లేదు.

తాపీ, రసమట్టం, తూకం గుండు, నీళ్ల పైపు అన్నీ ఒక సిమెంటు సంచిలో వేసి మూతి కట్టి, నాతోనే సజ్జ మీద పెట్టించాడు. మా ఇంట్లో దసరాకు పనిముట్లు కడిగి, బొట్లు పెట్టి దేవుడి ముందు ఉంచుతాము. పడ్డ తర్వాత వచ్చిన దసరాకు నేను స్టూలు వేసుకొని సంచి దించబోయాను. "అవెందుకు, నీ మిషన్‌కు పెట్టు చాలు" అన్నాడు. నేను ఇంట్లో జాకెట్లు కుడతాను. ఆ ఏడాది నా కుట్టు మిషన్ ఒక్కటే పూజ చేయించుకుంది. మరుసటి ఏడాదికి బండి వచ్చింది కనుక దాని చక్రాల కింద నిమ్మకాయలు పెట్టాము. సంచి గురించి నేను మళ్లీ అడగలేదు, ఆయన చెప్పలేదు.

బండి కొన్న మొదటి నుంచీ నేను పక్కన కూర్చునేదాన్ని. ఆయన నడుపుతాడు కానీ మాటిమాటికి ఎక్కి దిగలేడు. తాళ్లు కట్టడం, వెనుక డోరు తీయడం, కుర్చీలు లెక్కపెట్టి దించడం నా వంతు. మొదట్లో మా వాడకట్టులో ఆడవాళ్లు నవ్వారు. "ఏందక్కా, కిలీనర్ పని దొరికిందా" అన్నారు. "దొరికింది, జీతం లేదు గని ఊర్లన్ని చూపెడుతుండు" అన్నాను. తర్వాత తర్వాత వాళ్లే, శంకరంపేట పోతే జర మా అక్కకు ఈ సంచి ఇచ్చి రమ్మని పంపేవాళ్లు.

కష్టం ఎక్కడ వచ్చిందంటే కూర్చోవడంలో వచ్చింది. బండి ముందుకు వంగి ఉంటే సీటు కూడా ముందుకే వంగుతుంది. కూర్చున్న మనిషి కొంచెం కొంచెంగా జారుతుంటాడు. జారకుండా కుడి కాలితో తన్నిపట్టుకోవాలి. విరిగిన తుంటి కూడా ఆ పక్కదే. పొద్దున ఏమీ తెలియదు. సాయంత్రం ఇంటి ముందు బండి ఆపాక, తలుపు పట్టుకొని దిగి, అక్కడే నిలబడిపోయేవాడు. నేను లోపలికి రమ్మంటే, "టైర్ల గాలి చూస్తున్న, నువ్వు నడువు" అనేవాడు. ఏ టైరూ రోజూ అంతసేపు చూడాల్సినంత చెడిపోదు. నొప్పి తగ్గి కాలు కదిలేదాకా ఆ టైరు వైపు చూస్తూ ఉండేవాడు. నాకు తెలుసని ఆయనకు తెలుసు. అయినా ఇద్దరం ఆ టైరు మాటనే నమ్మినట్టు ఉండేవాళ్లం.

నాకు తెలిసిన వైద్యం కుట్టడమే. ముందు అంచు లావుగా, వెనుక పల్చగా ఉండేలా పత్తి కూరి ఒక మెత్త కుట్టాను. అది వేసుకుంటే జారడం ఆగుతుందనుకున్నాను. నాలుగు ఊళ్లు తిరిగేసరికి పత్తి అణిగిపోయింది. తర్వాత స్పాంజి పెట్టి కుట్టాను. ఈసారి మెత్తతో సహా జారాడు. మూడోదానికి వెనుక నాడాలు పెట్టి సీటుకు కట్టాను. ఆయన దాన్ని చేత్తో నొక్కి చూసి, "పునాది వంకర ఉంటే పైన ఎన్ని పరిస్తే ఏముంటదే" అన్నాడు. కోపం వచ్చింది కానీ మాట నిజమే. మెత్త విసిరేయకుండా దాని మీదే కూర్చున్నాడు, అది ఆయన పెద్దమనసు.

ఒక రోజు శివ్వంపేట నుంచి ఒకాయన బండి చూడటానికి వచ్చాడు. కూరగాయల వ్యాపారం చేస్తాడు, బాగా బరువులు మోయాలి కనుక వెనుక పట్టీలు ఆయనకు నచ్చాయి. బండి చుట్టూ తిరిగి, స్టార్ట్ చేయించి విని, "పండుగ అయినంక మాట చెప్పుండ్రి" అని పోయాడు. ఆయనను పిలిచిందెవరని అడిగితే మా ఆయన గోడ వైపు చూశాడు. ఆ తర్వాత అసలు సంగతి బయటపడింది. ఒక ఫంక్షన్ హాలు వాళ్లు గేటు దగ్గర కూర్చునే పని ఇస్తామన్నారట. కుర్చీ ఇస్తారు, ఫ్యాను కూడా ఉంటుంది.

ఆ పని తక్కువదని నేను అనను. కానీ నేను పెళ్లాడిన మనిషి కూర్చున్నచోట కూర్చోలేడు. అన్నం తింటూ కూడా గోడ మూల వంకర ఉందేమో అని చూసే మనిషి. ఇంట్లో మంచం మీద పడుకున్న నెలల్లో ఆయన ఎట్లా అయిపోయాడో నేను చూశాను. మాటలు తగ్గిపోయి, నేను ఏం వండానో కూడా అడిగేవాడు కాదు. బండి వచ్చాక మళ్లీ కూరలో ఉప్పు ఎక్కువైందని తిట్టడం మొదలుపెట్టాడు. ఆ తిట్లకు నేను ఎంత సంబరపడ్డానో ఆయనకు ఇప్పటికీ తెలియదు. బండి పోతే ఆ మనిషి మళ్లీ మంచం మీదికి పోతాడని నాకు భయం పట్టుకుంది. ఆ భయం ఆయనతో చెప్పలేదు. గిన్నెలు గట్టిగా తోమాను, అంతే.

అటువంటి రోజుల్లో కొరియర్ అబ్బాయి ఒక డబ్బా తెచ్చి ఇచ్చాడు. మోయలేనంత బరువు. విప్పి చూస్తే రెండు లావుపాటి రింగులు, పొడవాటి బోల్టులు, కొన్ని పల్చని ఇనుప బిళ్ళలు. రింగులు గాజుల్లాగే గుండ్రంగా ఉన్నాయి కానీ ఏ మనిషి చేతికీ పట్టవు.

"ఎవరికి తెచ్చినవయ్యా గీ గాజులు" అన్నాను.

"బండికి" అన్నాడు.

వారం రోజులుగా ఫోనులో ఏదో చూస్తుంటే వార్తలనుకున్నాను. ఎక్కడెక్కడి దేశాలవాళ్లో పెద్ద పెద్ద పికప్‌లకు ముందు భాగం ఎత్తుకునే వీడియోలట. ముందు చక్రాల దగ్గర ఉండే స్ప్రింగు పైన ఈ రింగు కూర్చోబెడితే ముక్కు పైకి లేస్తుంది. ఇంకా ఎత్తు కావాలంటే రింగు కింద బిళ్ళలు వేయాలి, ఎక్కువైతే తీయాలి. మాటలు అర్థం కాకపోయినా చేతులు చూసి నేర్చుకున్నాడు. "శివ్వంపేటాయనకు చెప్పకముందు గిదొక్కటి చూస్త. కాలు ఓర్చుకుంటే ఉంచుకుందం. లేకుంటే ఇచ్చేద్దం" అన్నాడు. అంత మెల్లగా అన్నాడు. నేను రింగులను తిరిగి డబ్బాలో సర్దాను.

రామాయంపేట రోడ్డు మీద మాకు తెలిసిన మెకానిక్ ఒకతను ఉన్నాడు. వాళ్ల ఇల్లు కట్టింది మా ఆయనే కనుక అన్నా అని ప్రాణం పెడతాడు. డబ్బాలోని సామాను చూసి తల గోక్కున్నాడు.

"మన దిక్కు అందరు ఎనక ఎత్తిపిచ్చుకుంటరన్నా. ముందట ఎత్తెటోన్ని నిన్నే చూస్తున్న."

"నీకు చేతనైతదా కాదా చెప్పు."

"ఎందుకు గాదు. బండి షెడ్డుకు తెచ్చెయ్."

ఇక్కడ మా ఆయన మేస్త్రీతనం లేచింది. మెకానిక్ షెడ్డు నేల మోరీ కాలువ వైపు వాలుగా ఉంటుందని, వంకర నేల మీద బండిని సమం చేస్తే అది వంకరే అవుతుందని అన్నాడు. మరి ఎక్కడ చేద్దామంటే, టెంట్ హౌస్ గోదాము ముందున్న జాగలో అన్నాడు. అక్కడి సిమెంటు నేల ఎవరు పోశారో వేరే చెప్పాలా. "గా నేల మీద గోళీ పెడితే కదలది" అన్నాడు. మెకానిక్ నవ్వి, తన పనిముట్లు బైకుకు కట్టుకొని గోదాముకే వస్తానన్నాడు.

పొద్దున బయలుదేరే ముందు మా ఆయన సజ్జ వైపు చూసి, "జర గా సంచి దించుతవా" అన్నాడు.

నేను స్టూలెక్కి సంచి దించాను. దుమ్ము దులుపుతున్నట్టు అటు తిరిగి నిలబడ్డాను, ఎందుకంటే కళ్లు నిండాయి. సిమెంటు వాసన ఇంకా పోలేదు. ఆయన కూర్చొని మూతి విప్పి, ఒక్కొక్కటి తీసి చూసి, నీళ్ల పైపునూ రసమట్టాన్నీ పక్కన పెట్టుకున్నాడు. తాపీకి పట్టిన తుప్పును బొటనవేలితో గీకాడు. నేను చాయ్ ఇచ్చి వచ్చేశాను.

గోదాము ముందు పని మొదలైంది. మెకానిక్ జాకీ వేసి ముందు భాగం లేపి, కింద గట్టి మొద్దులు పెట్టి, చక్రం విప్పాడు. స్ప్రింగును పనిముట్టుతో నొక్కి బిగించి బయటికి తీశాడు. దాని మీద మన గాజు కూర్చోబెట్టి, బిళ్ళలు వేసి, బోల్టులు బిగించి మళ్లీ ఎక్కించాడు. పనంతా మెకానిక్‌దే అయినా మా ఆయన పక్కనే కర్ర కుర్చీలో కూర్చొని, ప్రతి బోల్టును రెండోసారి చూడమనేవాడు. రెండు పక్కలా అయిపోయాక బండిని కిందికి దించి, కాస్త ముందుకు వెనుకకు నడిపి నిలిపారు.

ఇప్పుడు కొలవాలి. నీళ్ల పైపు ఒక కొస నా చేతికిచ్చాడు. పొడవాటి సన్నని పైపులో నీళ్లు నింపి, రెండు కొసలూ రెండు చోట్ల పట్టుకుంటే, నీళ్లు రెండు చోట్లా ఒకే ఎత్తున నిలుస్తాయి. మా రెండు గదుల ఇల్లు కట్టుకున్నప్పుడు కూడా ఈ పైపు కొస నేనే పట్టుకున్నాను. నీళ్లు ఒలకకుండా బొటనవేలితో మూయాలి, ఆయన చెప్పినప్పుడు తీయాలి. అప్పట్లో నేను తొందరపడి తీసి ఎన్నిసార్లు తిట్లు తిన్నానో.

"ఏలు తియ్యి" అన్నాడు. తీశాను. ఈసారి చెప్పాకే తీశాను.

బండి కింది ఇనుప చట్రానికి ముందు ఒక గుర్తు, వెనుక ఒక గుర్తు. కొంచెం తేడా వస్తే ఒక బిళ్ళ ఎక్కువ వేయించాడు. మెకానిక్ మధ్యలో ఏదో చెప్పబోయాడు. "అన్నా, లోడెక్కినంక మరి..." అన్నాడు. "నువ్వు బోల్టులు చూస్కో తమ్మి, లెవల్ నేను చూస్కుంట" అని ఆ మాట అక్కడే ఆపేశాడు. ఇల్లు కట్టిన మేస్త్రీకి ఎదురు చెప్పలేక మెకానిక్ ఊరుకున్నాడు. చివరికి నీళ్లు రెండు కొసల్లోనూ గుర్తుల మీదే నిలిచాయి. బండి తలెత్తుకొని నిలబడింది. మా ఆయన కొంచెం దూరం నడిచి, ఒక కన్ను మూసి చూసి నవ్వాడు. కొత్త స్లాబు కింద కర్రలు విప్పిన రోజు అట్లాగే నవ్వేవాడు. నాకు ఆ నవ్వు చూసి ఆకలేసింది.

మర్నాడు శంకరంపేటలో పెళ్లి. తెల్లవారకముందే సామాను ఎక్కించుకొని బయలుదేరాము. చర్చి దాటి, ఊరు దాటి చీకట్లోకి రాగానే ఏదో తేడాగా అనిపించింది. రోడ్డు కనిపించడం లేదు. లైట్లు చెట్ల కొమ్మల మీద పడుతున్నాయి. పక్షులను లేపుకుంటూ పోతున్నాము. ఎదురుగా వచ్చిన లారీవాడు మా మీదికి లైట్లు కొట్టి, తిట్టుకుంటూ పోయాడు. సామాను బరువుకు వెనుక భాగం దిగింది, ముందేమో ఎత్తి పెట్టాము. ఇన్నాళ్లూ ముందుకు జారిన మనిషి ఇప్పుడు వెనుకకు వాలిపోయి, కాలు సాచి సాచి తొక్కాల్సి వచ్చింది. స్టీరింగ్ తేలిపోతోందని కూడా అన్నాడు. మెల్లగా, రోడ్డు పక్క గీత చూసుకుంటూ కొంతదూరం నడిపి, ఒక చోట బండి ఆపి దిగాడు. దిగి టైరు వైపు చూస్తూ నిలబడ్డాడు.

రోజూ సాయంత్రం చూసే టైరును ఆ పూట తెల్లవారకముందే చూశాడు.

నేనూ దిగి పక్కన నిలబడ్డాను. "ఇచ్చేద్దం తియ్" అన్నాడు. "శివ్వంపేటాయనకు ఫోన్ చేసి చెప్త."

నాకు దుఃఖం రావాలి. కానీ నా తలకాయకు దుఃఖం కంటే ముందు కోపం వస్తుంది, పుట్టుక అట్లాంటిది.

"జాకెట్టును దండెం మీదేసి కొలుస్తరా ఎవరన్న" అన్నాను.

ఆయన అర్థం కానట్టు చూశాడు.

"మనిషి తొడుక్కున్నంక కదా తెలిసేది, ఏడ బిగుసుకుంటది, ఏడ వదులైతది. నువ్వు ఖాళీ బండిని నిలవెట్టి కొలిచినవ్. గది దండెం మీది జాకెట్టు. అది గోడనా, నేలనా, ఒక్కసారి లెవల్ చేస్తె చచ్చేదాక గట్లనే ఉండటానికి? దాని మీద సామాను పడితె దిగుతది, తీస్తె లేస్తది. నీకు బండి కట్టుడు రాదయ్యా, నీకు గోడలు కట్టుడే వచ్చు."

అంత మాట అనకుండా ఉండాల్సిందేమో. ఆయన బ్యాటరీ లైటు నా చేతికిచ్చి కిటికీలోంచి రోడ్డు మీదికి పట్టమని, బండెక్కి, మెల్లగా నడిపాడు. శంకరంపేట చేరేసరికి తెల్లవారింది. సామాను దించి తిరిగి వచ్చేటప్పుడు, సగం దారిలో, ఉన్నట్టుండి, "కుర్చీలు, పైపులు, గిన్నెలు అన్ని ఎక్కిచ్చి కొలవాలె" అన్నాడు. నాతో అన్నాడో రోడ్డుతో అన్నాడో తెలియదు. నేను ఊఁ అన్నాను.

రెండు రోజుల తర్వాత మళ్లీ గోదాము ముందు చేరాము. ఈసారి ముందు బండి నింపాము. మామూలుగా ఒక పెళ్లికి ఎంత పోతుందో అంతా ఎక్కించి, నేనే తాళ్లు కట్టాను. నిండు బండికి జాకీ వేయాలా అని మెకానిక్ గొణిగాడు కానీ వెనుక చక్రాలకు రాళ్లు అడ్డం పెట్టి పని మొదలుపెట్టాడు. మొదట రెండు పక్కలా ఒక్కొక్క బిళ్ళ తీశాడు. పైపు పెట్టి చూశాము. ముందు ఇంకా ఎత్తే ఉంది. ఇంకొకటి తీశాడు. నీళ్లు ఇంచుమించు గుర్తుల మీదికి వచ్చాయి.

"అయిపాయె అన్నా" అన్నాడు మెకానిక్, చేతులు తుడుచుకుంటూ.

"కాలె" అన్నాడు మా ఆయన. తలుపు తీసుకొని డ్రైవర్ సీట్లో ఎక్కి కూర్చున్నాడు. రసమట్టం ఒళ్లో పెట్టుకున్నాడు. తర్వాత నా వైపు చూసి, "ఎక్కు" అన్నాడు.

"నేనెందుకు?"

"ఎక్కు అంటున్న గద."

మెకానిక్ నవ్వాడు. "వదిన సామాను గాదు గదన్నా, వదినను కూడ తూకం ఏస్తవా" అన్నాడు.

"ఆమె లేకుండ గీ బండి ఎన్నడు పోయింది తమ్మి" అన్నాడు మా ఆయన. "ఆమె ఎక్కకపోతె లెవల్ ఎట్ల తెలుస్తది."

చాలా మామూలుగా అన్నాడు. సిమెంటులో ఇసుక ఎంత కలపాలో చెప్పినట్టు అన్నాడు. నేను అటు పక్క నుంచి ఎక్కి నా సీట్లో కూర్చున్నాను. ఇన్నేళ్లలో ఆ సీట్లో ఎన్నో ఊళ్లకు పోయాను. దవాఖానవాళ్లు జాగ్రత్త అన్నారు కనుక తోడు పోతున్నానని, కాపలాకు పోతున్నానని, ఆయనకు నేను పక్కన ఉండటం చిన్నతనంగా ఉంటుందేమోనని ఎన్నో అనుకున్నాను. బండి కొలతలో నేనూ ఉన్నానని మాత్రం అనుకోలేదు. మాట్లాడితే బయటపడతానని కిటికీ అద్దం తుడవసాగాను.

మా ఇద్దరి సీట్ల నడుమ ఉన్న రేకు మీద ఆయన రసమట్టం పెట్టాడు. గాజు గొట్టంలో పసుపుపచ్చ నీళ్లు, దాంట్లో చిన్న బుడగ. బుడగ మధ్య గీతల నడుమకు వస్తే సమం. ఇద్దరం వంగి చూశాము. మా తలలు తగిలాయి. బుడగ కదిలి కదిలి మధ్యకు వచ్చింది కానీ ఒక పక్క గీతను ఆనుకొని ఆగింది.

"ఎట్లుందన్నా" అని కింద నుంచి మెకానిక్ అడిగాడు.

"ముందట ఇంకో పల్చటి బిళ్ళ ఎయ్యి. మేం దిగం, నువ్వు ఎయ్యి."

అట్లా కుదరదని, మనుషులుండగా జాకీ వేయనని మెకానిక్ మొండికేశాడు. దిగాము. బిళ్ళ వేశాడు. మళ్లీ ఎక్కాము. మళ్లీ రసమట్టం పెట్టాడు. బుడగ ఈసారి రెండు గీతల నడుమ నిలబడి కదల్లేదు. మా ఆయన దాని మీద నుంచి కళ్లు తీయకుండా, "నువ్వు జర దిగు" అన్నాడు. దిగాను. "ఇగ ఎక్కు" అన్నాడు. ఎక్కాను. నేను దిగినప్పుడు బుడగ ఎటు పోయిందో ఆయన చెప్పలేదు. నేను ఎక్కాక మాత్రం ఆ రసమట్టాన్ని తీసి గుడ్డతో తుడిచి, సంచిలో పెట్టకుండా, అద్దం ముందర పెట్టాడు. ఇప్పటికీ అక్కడే ఉంటుంది.

తర్వాత చక్రాల అలైన్‌మెంట్ చేయించి, లైట్లు కిందికి తిప్పించాము. ఖాళీగా వచ్చేటప్పుడు ముక్కు ఇప్పటికీ కొంచెం కిందికే ఉంటుంది. దానికేం చేద్దామంటే, "పని అయిపోయినంక జర తల వంచుకుంటె తప్పేమున్నది" అన్నాడు. బండిని నేను అన్న మాట ఆయనకు ఇన్నేళ్లూ గుర్తుందన్నమాట.

ఆ వారంలో పెళ్లిళ్లు ఎక్కువ. ఒక రోజు పొద్దున ఎక్కిన మనుషులం సాయంత్రానికి ఇంటి ముందు దిగాము. నేను తాళ్లు చుట్టుకుంటూ ఉన్నాను. ఆయన తలుపు వేసి, నేరుగా లోపలికి పోయి, చాయ్ పెట్టమని కేకేశాడు. టైరు వైపు చూడనే లేదు. నేను నిలబడి ఆ టైరు వైపు కాసేపు చూశాను. గాలి బాగానే ఉంది.

శివ్వంపేటాయన ఫోను ఆ రాత్రి అన్నాలు తిన్నాక వచ్చింది. నేను లోపలి గదిలో మిషన్ మీద ఉన్నాను, మా ఆయన గడప దగ్గర నిలబడి మాట్లాడుతున్నాడు. అవతలి మాట నాకు వినపడలేదు. ఈయన మాటే వినపడింది.

"లేదన్నా, ఇయ్య. ఏమనుకోకుండ్రి." కొంచెంసేపు విన్నాడు. "పైసల ముచ్చట గాదన్నా. గా బండి మా ఇద్దరి కొలతకు చేపిచ్చుకున్నం. ఇంకొకళ్లకు పట్టది."

నేను మిషన్ ఆపలేదు. ఆపితే విన్నానని తెలిసిపోతుంది. ఆ పూట వేసిన కుట్టంతా వంకర పోయింది, మర్నాడు విప్పి మళ్లీ కుట్టుకున్నాను.